మెయిన్ దగ్గర మామయ్య

మొన్న ఆదివారం పొద్దున నా ఫోను అప్‌డేట్ అడిగింది. సరే కానీ అన్నాను. తెర నల్లబడి, మధ్యలో సన్నటి గీత ఒకటి మొదలై, దాని కింద ఫోన్ ఆపవద్దని హెచ్చరిక వచ్చింది. ఇప్పుడు ఇవన్నీ తెలుగులోనే వస్తున్నాయి లెండి, సుఖం. ఆ గీత నిండేలోపు కాఫీ కలుపుకుందామని లేచినదాన్ని కాఫీ కలపలేదు సరికదా, ఎప్పుడు వెళ్ళానో తెలియదు, ఛార్జరు పెట్టిన స్విచ్‌బోర్డు ముందు నిలబడి ఉన్నాను. ఊరికే నిలబడటం కాదు, కుడిచెయ్యి బోర్డుకి అడ్డం పెట్టి మరీ నిలబడ్డాను. మా ఆయన పేపరు మీంచి తలెత్తి, "అది బ్యాటరీ మీద నడిచేదే గదా, దానికి కాపలా ఏందే" అన్నాడు. అన్నాక తనకీ గుర్తొచ్చినట్టుంది. పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. ఇక ఆ రోజంతా మా ఇంట్లో మామయ్య కబుర్లే.

మాది మాచర్ల. నేను పుట్టి పెరిగింది నరసరావుపేట బజారులో. పెళ్ళయి వచ్చిపడింది రాళ్ళ మధ్యకి. ఊరి చివర రోడ్డు పక్కన రేకుల షెడ్డు, దాని వెనక ఇల్లు, రెండింటికీ మధ్య వరసగా నిలబెట్టిన నాపరాళ్ళు, నల్లరాళ్ళు. ఆ రాతిదుమ్ము సంగతి ఏం చెప్పమంటారు, కొత్తకోడలిగా నేను తోడుపెట్టిన మొదటి పెరుగు మీద మీగడకన్నా ముందు దుమ్ము కట్టింది. మామయ్య కనుబొమలు ఎప్పుడూ తెల్లగానే ఉండేవి; అది వయసో దుమ్మో తేల్చుకోవాలంటే ఆయన స్నానం చేసి వచ్చేదాకా ఆగాలి. ఆయన పని రాతి మీద అక్షరాలు చెక్కడం. బడి గోడకి వేసే రాయి, సమాధి రాయి, బోరు తవ్వించినవాళ్ళ పేర్ల రాయి, ఏదైనా సరే, వెల్దుర్తి నుంచి అచ్చంపేట దాకా ఆ రోజుల్లో ఆయన చేతి అక్షరం లేని ఊరు తక్కువ. ఇప్పటికీ బస్సులో పోతుంటే రోడ్డు పక్క రాయి కనపడిందా, నా కళ్ళు ముందు అందులో "ళ" కోసం వెతుకుతాయి. మామయ్య "ళ" తోక చివర ఒక చిన్న విరుపు ఉంటుంది, నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి చూసిన మనిషి లాగా. మూడో తరగతితో బడి మానేసిన మనిషికి ఆ విరుపు ఎవరు నేర్పారో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే, "రాయి అట్టా రమ్మంది" అనేవాడు.

అలాంటి చెయ్యి వణకడం మొదలుపెట్టింది. మొదట కాఫీ గ్లాసులో కనిపించింది, తర్వాత ఉలి మీద. "కాయితం మీద తప్పు పోతే కొట్టేసుకుంటావ్ అమ్మాయ్. రాయి మీద పోతే రాయే మార్చాల" అనేవాడు. ఒక ఏడాదిలో మూడు రాళ్ళు మార్చాడు. నాలుగోసారి సుత్తి కింద పెట్టి షెడ్డు బయట మంచం వేసుకుని కూర్చున్నాడు. అప్పుడు నాకు బుర్ర పని చేసింది. పెళ్ళికి ముందు నరసరావుపేటలో డీటీపీ నేర్చుకుని రెండేళ్ళు శుభలేఖలు కొట్టినదాన్ని కదా. మామయ్య చేత తెల్లకాయితాల మీద అ నుంచి ఱ దాకా, గుణింతాలతో సహా రాయించాను. చెయ్యి వణకనప్పుడు ఒకటి, వణికినప్పుడు ఆగి, మళ్ళీ ఒకటి. మూడు నెలలు పట్టింది. వాటన్నిటినీ స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించి, కోయంబత్తూరు నుంచి రాతి మీద అక్షరాలు చెక్కే మెషిన్ తెప్పించాం. నేను కంప్యూటర్లో పేర్లు కొడితే, మెషిన్ సూది రాయి మీద మామయ్య అక్షరాలే చెక్కేది, విరుపుతో సహా. మొదటి రాయి బయటికి వచ్చిన రోజు మామయ్య దాని మీద చెయ్యి వేసి అక్షరం వెంబడే వేలు నడిపి, "ఇది నేనే చేశానమ్మాయ్" అన్నాడు. అవును మామయ్యా, మీరే చేశారు అన్నాను. నిజమే కదా.

ఆ మెషిన్‌కి ఒక తిరకాసు ఉంది. దాన్ని నడిపే ప్రోగ్రాము మా కంప్యూటర్లోని మదర్‌బోర్డు గుర్తులు చూసుకుని గానీ లేచేది కాదు. వేరే బోర్డు పెడితే కోయంబత్తూరు ఆయన కొత్త కోడ్ చెప్పాలి. ఆ కోయంబత్తూరు ఆయన మెషిన్ అమ్మిన రెండేళ్ళకి దుకాణం ఎత్తేశాడు. ఫోను చేస్తే అరవంలో ఒక ఆడగొంతు ఏదో చెప్పి పెట్టేసేది. అంటే ఆ బోర్డు ఉన్నన్నాళ్ళే మెషిన్, మెషిన్ ఉన్నన్నాళ్ళే మామయ్య అక్షరం. ఇది నాకు బాగా తెలుసు. తెలిసి కూడా నేను చేసిన ఘనకార్యం ఇప్పుడు చెబుతాను.

ఆ ఏడాది దసరా ముందు వెల్దుర్తి అవతల ఒక ఊరి నుంచి పెద్ద రాయి పని వచ్చింది. ఊళ్ళోవాళ్ళే చందాలు వేసుకుని, వాళ్ళే తట్టలు మోసి మంచినీళ్ళ ట్యాంకు కట్టుకున్నారు. మోసిన వాళ్ళందరి పేర్లూ రాయి మీద ఉండాలట, నలభై మూడు పేర్లు. ట్యాంకు ప్రారంభం పండగ వెళ్ళిన సోమవారం. మామయ్య ఆ ఊరి పెద్దకి మాటిచ్చాడు. ఇక్కడేమో మా కంప్యూటర్లో పాత డిస్కు కీచు కీచుమంటోంది. అది పోయేలోపు అన్నీ కొత్త డిస్కులోకి మార్చుకుందామని పెద్దది ఒకటి తెప్పిస్తే, మా పాత బోర్డు దాన్ని గుర్తే పట్టలేదు. బోర్డు మీద గోరంత చిప్పు ఒకటి ఉంటుంది. స్విచ్ వేయగానే కంప్యూటర్ని లేపి, నీకు డిస్కు ఇక్కడుంది, తెర అక్కడుంది అని చెప్పేది అదే. దానిలోని ప్రోగ్రాముకి కొత్తది వచ్చిందనీ, అది ఎక్కిస్తే పెద్ద డిస్కులు కూడా పడతాయనీ నెట్‌లో చదివాను. ఎప్పుడు ఎక్కించాలి? పని లేని రోజున. పని లేని రోజు ఏది? ఆయుధపూజ. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా రాతిపనివాళ్ళకి ఆయుధపూజ అంటే మిగతా పండగలన్నీ ఒక ఎత్తు, అది ఒక్కటీ ఒక ఎత్తు. ముందురోజే ఉలులు, సుత్తులు, సమ్మెటలు, కోత మెషిన్ చక్రాలు అన్నీ కడిగి తుడిచి షెడ్డులో వరసగా పేర్చి బొట్లు పెడతారు. లారీకి మామిడాకులు కట్టి టైర్ల కింద నిమ్మకాయలు పెడతారు. ఆ రోజు ఏ పనిముట్టూ పని చేయకూడదు, అది దాని విశ్రాంతి రోజు. పండగ పొద్దున్నే మామయ్య నా గదిలోకి వచ్చి, కంప్యూటర్ పక్కనున్న యూపీఎస్ చూపించి, "ఈ పెట్టె ఏం చేస్తదమ్మాయ్" అన్నాడు. "కరెంటు పోతే కంప్యూటర్ని కాపాడుద్ది మామయ్యా" అన్నాను. "అట్టాంటిదానికి ముందు బొట్టు పెట్టాల గదా" అని దాన్ని జాగ్రత్తగా పీకి, తడిగుడ్డతో తుడిచి, పెద్ద సమ్మెట పక్కన కూర్చోబెట్టి నిలువుబొట్టు పెట్టాడు. బంతిపూల దండ కూడా పడింది దానికి. నాకు ముచ్చటేసింది. కంప్యూటర్ వైరు తీసుకెళ్ళి సరాసరి గోడకి పెట్టాను. పండగ పూట కరెంటు తియ్యరులే అని ధైర్యం.

పూజ పదిన్నరకి. పదీ ఇరవై ఎనిమిదికి అప్‌డేట్ మొదలుపెట్టాను. రెండు నిమిషాల పని. తెర మీద గీత కదులుతోంది, కింద ఇంగ్లీషులో ఆపొద్దు, ఆపొద్దు అని ఎర్రగా రాసి ఉంది. బయటి నుంచి మా ఆయన, "హారతికి రావే" అని కేకేశాడు. గీత సగం దాటింది కదా, వచ్చేలోపు అయిపోతుందని కొంగు సర్దుకుని వెళ్ళాను. మామయ్య హారతి పళ్ళెం చేతిలో పట్టుకుని చుట్టూ చూశాడు. నా గదిలో కంప్యూటర్ ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఆయన చెవిన పడింది. ఆయుధపూజ రోజున, హారతివేళ, ఒక పనిముట్టు ఇంకా పని చేస్తూ ఉంది. ఆయన పళ్ళెం ఎడమచేతిలోకి మార్చుకుని, గోడ దగ్గరికి వెళ్ళి, కుడిచేత్తో మెయిన్ దించేశాడు. వాళ్ళ నాన్న కాలం నుంచీ పూజ వేళ షెడ్డంతా నిశ్శబ్దంగా ఉండాలి. ఉంది. నిశ్శబ్దంగానే ఉంది.

తర్వాత మెయిన్ ఎత్తితే కంప్యూటర్ ఫ్యాన్లు తిరిగాయి, దీపం వెలిగింది, తెర మాత్రం రాలేదు. వైర్లు పీకి పెట్టాను, మళ్ళీ పీకి పెట్టాను, ర్యాములు తుడిచాను, దేవుడికి మొక్కాను. కంప్యూటర్‌ది ఉత్త ఊపిరే. నాకు కోపం వస్తే ముందు నోరు, తర్వాత బుద్ధి. షెడ్డులోకి వచ్చి, అందరి ముందూ, చేతిలో ఇంకా హారతి పళ్ళెం ఉన్న మనిషితో, "మీ అక్షరాలు మీ చేత్తోనే చంపుకున్నారు మామయ్యా" అన్నాను. ఆయన పళ్ళెం కింద పెట్టి, "ఆపితే చెడిపోద్దని నాకు తెలవదమ్మాయ్" అన్నాడు. ఆ పూట పులిహోర ముట్టలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. నా గదిలో నేను కూర్చుని కరువుతీరా ఏడ్చాను. యూపీఎస్ ఆయన తీస్తుంటే చూస్తూ ఊరుకున్నది నేనే, గోడకి పెట్టింది నేనే, వదిలేసి వెళ్ళింది నేనే. మాట మాత్రం ఆయనకి తగిలించాను.

మర్నాడు మా ఆయన భాయ్‌ని పిలుచుకొచ్చాడు. భాయ్ అంటే మాచర్ల బజారులో టీవీలు బాగుచేసే ఆయన. లావుపాటి టీవీలు పోయాక ఫోన్లు, ఇన్వర్టర్లు, పిండి మెషిన్లు, ఏది తెచ్చినా కాదనేవాడు కాదు. కంటికి భూతద్దం బిగించి బోర్డు మీదికి వంగాడంటే ఇక టీ చల్లారిపోవాల్సిందే. గంటసేపు చూసి, వేలితో అక్కడా ఇక్కడా తట్టి, తలెత్తి, "బోర్డు చావలా చెల్లెమ్మా. దీనికి ప్రాణం ఉంది, మతి పోయిందంతే" అన్నాడు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "మతి ఈ చిప్పులో ఉంటది. సగం రాశాక కరెంటు పోయింది, సగం కాయితం ఖాళీ. మళ్ళీ మొత్తం రాస్తే లేస్తది." ఎట్టా రాయాలి భాయ్ అన్నాను. చిప్పులు రాసే మెషిన్ ఉండాలట. ఫోన్లు కొట్టి చూస్తే గుంటూరులో దుకాణాలకి సెలవు, హైదరాబాద్ పంపితే వారం. మనకున్నది మూడు రోజులు.

భాయ్ టీ సాసర్లో పోసుకుని, చానాసేపు ఊదుకుంటూ ఆలోచించి, ఇంకో దారి చెప్పాడు. అచ్చం ఇట్టాంటి బోర్డే ఇంకోటి ఉండాలి. దాని మంచి చిప్పు తెచ్చి మన బోర్డులో పెట్టి కంప్యూటర్ని లేపాలి. లేచాక, ఆపకుండా, నడుస్తూ ఉండగానే, ఆ మంచి చిప్పు పైకి లాగేసి దాని చోట మన మతి పోయిన చిప్పు గుచ్చాలి. కంప్యూటర్‌కి ఆ సంగతి తెలియదు, అప్పటికే దానికి కావలసింది మెదడులోకి ఎక్కించుకుని ఉంటుంది. అప్పుడు రాయమంటే మన చిప్పు మీద రాసేస్తుంది. "నడిచే లారీకి టైరు మార్చినట్టా భాయ్" అన్నాడు మా ఆయన. "నడిచే లారీకి కాదు, నిలబడి ఇంజను ఆడుతున్న లారీకి" అన్నాడు భాయ్. చెయ్యి జారి పక్కన కాలు తగిలిందంటే బోర్డూ పోతుంది, అరువు తెచ్చిన చిప్పూ పోతుంది. ఆయన ఇట్టాంటిది ఒక్కసారే చేశాడట. ఏమైంది అంటే, "అల్లా దయ, లేచింది" అన్నాడు. నాకు ఆ ఒక్క మాట చాలు.

అచ్చం అలాంటి బోర్డు ఎక్కడుందో నాకు తెలుసు. నరసరావుపేటలో నాతోపాటు డీటీపీ నేర్చుకున్న అక్క ఒకామె గురజాల కోర్టు ఎదురుగా టైపింగ్ షాపు పెట్టుకుంది. వకాల్తాలు, దస్తావేజులు కొట్టి ఇద్దరు ఆడపిల్లల్ని చదివించుకుంటున్న మనిషి. మా ఇద్దరి కంప్యూటర్లూ ఒకే రోజున, ఒకే కొట్లో, ఒకే బేరంలో కొన్నవి. ఫోను చేసి సంగతి చెప్పాను. "ఏమే, నీదాన్ని చంపుకుంది చాలక నాదాని మీద పడ్డావా" అంది. నేను మామయ్య సంగతి చెప్పాను. నేనన్న మాట కూడా దాచకుండా చెప్పాను. "నీకు ఆ నోరు ఎప్పుడు పడిపోద్దే" అని తిట్టి, "కోర్టుకి సెలవులు, షాపు మూసే ఉంది. రేపు రండి. చిప్పు మాత్రం నా గుమ్మం దాటనియ్యను. ఏం చేసినా నా కళ్ళముందే చెయ్యండి" అంది.

శనివారం పొద్దున్నే మా లారీలో బయలుదేరాం. కంప్యూటర్ పెట్టె నా ఒళ్ళో, దుప్పట్లో చుట్టిన యూపీఎస్ భాయ్ కాళ్ళ దగ్గర. మా ఆయన బండి తీయబోతుంటే మామయ్య ఉతికిన పంచె కట్టుకుని వచ్చి, "నేనూ వస్తా" అన్నాడు. రెండు రోజుల్లో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. ఎవరం వద్దనలేదు. సర్దుకుని కూర్చున్నాం. రెంటచింతల దాటేసరికే ఎండ మండిపోతోంది, ఆ ఊరి ఎండకి పండగ లేదు పబ్బం లేదు. దారంతా భాయ్ ఫ్లాపీల గురించి చెబుతూనే ఉన్నాడు. కంప్యూటర్ని లేపడానికీ, చిప్పు మీద రాయాల్సిన ప్రోగ్రాము పెట్టుకోవడానికీ ఫ్లాపీ కావాలి. ఆయన దగ్గర పాతవి మూడుంటే రెండిటికి బూజు పట్టింది, మిగిలినది జేబులో ఖురాన్ వచనం రాసిన కాయితంతోపాటు భద్రంగా ఉంది.

అక్క షాపు ఒక వరస కొట్లలో మధ్యది. అన్ని కొట్ల మెయిన్లూ బయట వరండా చివర ఒకే గోడకి ఉన్నాయి, ఎవరిది ఏదో వాళ్ళకే తెలియనట్టు. మామయ్య లారీ దిగగానే ముందు చూసింది ఆ గోడనే. "అమ్మా, మీ కొట్టుది ఏది" అని అక్కని అడిగాడు. ఆమె చూపించింది. "లోపల పని అయ్యేదాకా నేను ఈడ ఉంటా. ఎవురూ దీన్ని ముట్టకుండా చూస్తా" అన్నాడు. యూపీఎస్ ఉంది కదా మామయ్యా అనబోయి ఊరుకున్నాను. ఆయన అప్పటికే మెయిన్ ముందు నిలబడి, కుడిచెయ్యి దానికి అడ్డంగా గోడకి ఆనించాడు.

లోపల మేం నలుగురం. భాయ్ మా పెట్టె విప్పి బల్ల మీద పడుకోబెట్టాడు. యూపీఎస్ మీద మామయ్య పెట్టిన నిలువుబొట్టు అలాగే ఉంది. దానికే వైరు తగిలించాడు. అక్క కంప్యూటర్లోంచి చిప్పు ఊడదీసి, పూలు కట్టే దారం అడిగి, చిప్పు కిందనుంచి రెండు వైపులా దారం వచ్చేట్టు చుట్టాడు. రెండు కొసలూ సమంగా పట్టి లాగితే అది వంకర పోకుండా నిట్టనిలువునా పైకి రావాలట. రాతిని తాళ్ళతో లేపేటప్పుడు మా షెడ్డులో చేసేది కూడా ఇంతే. అది చూడగానే నాకు ధైర్యం వచ్చింది. మా చిప్పు పీకి పక్కన పెట్టి, దాని చోట దారంతో సహా ఆ చిప్పుని పెట్టి స్విచ్ వేశాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత టక్కుమని ఒక బీప్. రెండు రోజులుగా చచ్చి పడున్న తెర మీద తెల్లటి అక్షరాలు. నేను చప్పట్లు కొట్టాను. "ఇంకా సగం కూడా కాలా, ఆగు చెల్లెమ్మా" అన్నాడు భాయ్. ఫ్లాపీ గర్రుగర్రుమంటూ తిరిగింది, తిరిగి తిరిగి, ఆగి, మళ్ళీ తిరిగి, చివరికి రాయమంటావా అని అడిగే చోటికి వచ్చి ఆగింది.

"ఇప్పుడు ఎవురూ మాట్లాడమాకండి" అన్నాడు భాయ్. రెండు దారాలూ రెండు చేతుల్లో పట్టుకున్నాడు. ఆయన నుదుటి మీంచి ఒక చెమట బొట్టు జారి ముక్కు చివరికి వచ్చి ఆగింది. అది బోర్డు మీద పడుతుందేమోనని నేను నా కొంగు చాపి కింద పట్టాను. బిస్మిల్లా అనుకుని లాగాడు. చిప్పు దూదిపింజలా పైకి వచ్చింది. తెర కదల్లేదు. అక్క చెయ్యి చాపింది. ఆయన ఆమె చిప్పు ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని దారంతో సహా కొంగున ముడేసుకుని ముడి మీద గుప్పిట బిగించింది. భాయ్ మా చిప్పు తీసి, మూల గుర్తు చూసుకుని, బొటనవేలితో మెల్లగా నొక్కాడు. "నువ్వే కొట్టు చెల్లెమ్మా" అన్నాడు. నేను కీబోర్డు మీద వేలు పెట్టాను. కొట్టాను.

గీత మొదలైంది. పది. పదిహేను. ఇరవై ఐదు. నలభై దగ్గర కాసేపు ఆగి మా ప్రాణాలు తోడి మళ్ళీ కదిలింది. యాభై ఐదు. అప్పుడు పైన ఫ్యాను మెల్లగా ఆగిపోయింది. ట్యూబ్‌లైటు ఆరిపోయింది. యూపీఎస్ కీ, కీ అని అరవడం మొదలుపెట్టింది. కరెంటు పోయింది. అక్క నా భుజం పట్టుకుంది, గోళ్ళు దిగాయి. మా ఆయన యూపీఎస్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "ఉండవే తల్లీ, ఉండవే" అంటున్నాడు, పాలిచ్చే గేదెతో అన్నట్టు. దాని బ్యాటరీ మూడేళ్ళ నాటిది, రెండు నిమిషాలు నిలిస్తే గొప్ప. తెర మాత్రం చెక్కుచెదరలేదు. డెబ్బై. డెబ్బై ఎనిమిది. యూపీఎస్ అరుపు వేగం పెరిగింది. తొంభై. తొంభై ఆరు. పూర్తయింది అని వచ్చింది. భాయ్ చటుక్కున ఆపేశాడు. చీకటి గదిలో నలుగురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. రాత పూర్తయింది సరే, మతి వచ్చిందో లేదో మళ్ళీ లేపితే గానీ తెలియదు. భాయ్ తల ఊపి, యూపీఎస్‌లో మిగిలిన ఆఖరి ఊపిరితో స్విచ్ వేశాడు.

బీప్.

మా చిప్పుతో, మా బోర్డు, తన కాళ్ళ మీద తాను. నేను అక్కని కావలించుకున్నాను, అక్క ఏడ్చింది, మా ఆయన భాయ్‌ని నేల మీంచి లేపేశాడు, భాయ్ భూతద్దం ఎగిరి బల్ల కింద పడింది. అందరం ఒకేసారి మాట్లాడుతున్నాం, ఎవరూ వినడం లేదు. అక్క కొంగుముడి విప్పి తన చిప్పు తన కంప్యూటర్లో పెట్టించుకుంది. కరెంటు వచ్చాక అదీ లేచింది. అప్పటికి పావుగంట అయి ఉంటుంది. "టీ చెబుతా, ఎన్ని" అని అక్క లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాకు అప్పుడు గుర్తొచ్చింది.

వరండాలోకి పరిగెత్తాను. మామయ్య అక్కడే ఉన్నాడు. ఆ చెయ్యి అలాగే మెయిన్‌కి అడ్డంగా ఉంది. ఎండ వరండాలోకి జరిగి ఆయన సగం ఒంటి మీద పడుతోంది, చొక్కా తడిసిపోయింది. ఎదురుగా టీకొట్టు ఫ్యాను ఆగడం ఆయన చూశాడు. కరెంటు పోయిన ఆ క్షణంలో తన చెయ్యి ఎక్కడుందో చూసుకున్నాడు. లోపల మా కేకలు వినపడ్డాయి, అవి నవ్వులో ఏడుపులో తెలియలేదు. లోపలికి వచ్చి అడిగే ధైర్యం లేక, చెయ్యి తీసే ధైర్యం కూడా లేక, పావుగంట సేపు అక్కడే నిలబడిపోయాడు.

"నేను ముట్టుకోలేదమ్మాయ్" అన్నాడు. "చెయ్యి అడ్డం పెట్టానంతే. ఒట్టు. నేను ముట్టుకోలా."

ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని గోడ మీంచి తీశాను. గోడ పెచ్చు అంచు ఆ అరచేతిలో గీతలా పడి ఉంది. "కరెంటోళ్ళు తీశారు మామయ్యా, మీరు కాదు. మొన్న కూడా మీరు కాదు. తప్పు నాది. నేనన్న మాట నాది" అన్నాను. "మీరు బొట్టు పెట్టిన పెట్టే కాపాడింది. మీ అక్షరాలు లేచినయ్." ఆయన నా మొహంలోకి చూసి, మళ్ళీ మెయిన్ వంక చూసి, "ఇంకొక్కసారి లోపల చూసి చెప్పమ్మా" అన్నాడు. నేను లోపలికి వెళ్ళి చూసి వచ్చి చెప్పాను. అప్పుడు గానీ వరండా మెట్టు మీద కూర్చోలేదు. టీ గ్లాసు వణికి సగం పంచె మీద ఒలికింది. మిగిలిన సగం తాగి, ఇంకోటి చెప్పమన్నాడు.

ఆదివారం సాయంత్రానికి నలభై మూడు పేర్లూ రాయి మీద ఉన్నాయి. మెషిన్ నడిచినంతసేపూ మామయ్య పక్కన కూర్చుని, ప్రతి పేరూ పైకి చదువుతూ, దుమ్ము ఊదుతూ ఉన్నాడు. మామయ్య పోయి ఇప్పటికి ఆరేళ్ళు. ఆ మెషిన్ ఇంకా నడుస్తోంది. ఆయన సమాధి మీది అక్షరాలు కూడా అదే చెక్కింది, ఆయన చేతిరాతతోనే. కొత్త డిస్కు మాత్రం ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉంది, ఆ బోర్డుకి మళ్ళీ ఏదైనా ఎక్కించే ధైర్యం మాకెవరికీ లేదు.

ఫోనులో గీత నిండి, తెర వెలిగి, పొద్దున పూట వెలుతురులో బొమ్మలన్నీ మళ్ళీ కనిపించాయి. "అయిపోయింది, చెయ్యి తియ్యి" అన్నాడు మా ఆయన. ఆ రోజు గురజాలలో ఆ గీత నిండడానికి పట్టింది నిమిషంన్నర. అది నిండిన సంగతి ఒక మనిషికి చెప్పడానికి నేను పావుగంట ఆలస్యం చేశాను, ఇన్నేళ్ళయినా నేను మామయ్యకి తిరిగి ఇవ్వలేకపోయింది ఆ పావుగంటే.